బ్యాక్‌లాగ్‌లో ముందు ఎవరి పని?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ హాస్టళ్లలో చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో చేరినవాళ్లం మేము. ఇంజనీరింగులో బ్యాక్‌లాగ్ అంటే తప్పిన సబ్జెక్టు; ఆఫీసులో చేయాల్సిన పనుల జాబితా. అజైల్ పద్ధతుల్లో ఒకటైన స్క్రమ్‌లో ఆ జాబితా వరుసకు బాధ్యత ఒక్కరిదే. అందులోంచి టీం నెలకు మించని గడువులో చేయగలిగినంతే తీసుకుంటుంది.

జాబితా పొడవైతే నష్టం లేదు. గట్టిగా అడిగినవాళ్ల పనే పైకెక్కితే నష్టమని మాకు అనుభవమైంది. హాస్టల్లోనూ అంతే. టీవీ రిపేరు గురించి పదో తరగతివాళ్లు అడుగుతారు. మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదని ఆరో తరగతి పిల్లవాడు నోరు విప్పడు.

అందుకే విద్యార్థి కమిటీ ఒక నోటుబుక్కు పెట్టాలి. అందరి మాటా రాయాలి. వారంవారం వరుస సరిచూడాలి. గడియను టీవీ కంటే పైన రాయాలి.