వాకిట్లో లారీ

కర్నూలు, కడప పట్టణాల్లో ఎన్నో కాలనీలకు తెల్లవారేది లారీల మధ్యనే. బేతంచెర్ల నాపరాళ్ళు మోసే లారీలు, ఎర్రగుంట్ల సిమెంటు మోసే ట్రెయిలర్లు, కంకర టిప్పర్లు, ట్రాక్టరు నుంచి వూడదీసి వదిలేసిన ట్రాలీలు ఇళ్ళ ముందు నిలబడి వుంటాయి. వాటి సందుల్లోంచి ఆడవాళ్ళు బిందెలతో కుళాయి దగ్గరికి నడుస్తారు.

ఇది ట్రాఫిక్ పోలీసుల వ్యవహారం, మహిళా పత్రికకేం పని అని అడగవచ్చు. వీధి మనకు దారి మాత్రమే కాదు, పనిచేసుకునే చోటు కూడా. నీళ్ళు పట్టేదీ, వేరుశనక్కాయలు వొలిచేదీ, పిల్లల్ని కనిపెట్టి వుండేదీ అక్కడే. నిబంధనల ప్రకారం లారీ వెడల్పు 2.6 మీటర్ల దాకా, అంటే సుమారు ఎనిమిదిన్నర అడుగులు వుండవచ్చు. 15 అడుగుల సందులో అది నిలబడితే మిగిలేది ఆరున్నర అడుగులు. వేసవిలో నీళ్ళ ట్యాంకరు సందు మొదట్లోనే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి బిందెలు మోసేదెవరో చెప్పనక్కరలేదు. పురుటినొప్పులు వచ్చిన రాత్రి 108 వాహనమూ అక్కడే ఆగుతుంది. లారీ చాటున వీధిదీపం వెలుగు అందదు కాబట్టి రాత్రి డ్యూటీ నుంచి వచ్చే ఆయా చుట్టు తిరిగి ఇల్లు చేరుతుంది.

చట్టం లేక కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఒక ప్రాంతంలోకి భారీ వాహనాలు రాకుండా నిషేధించవచ్చు. 117వ సెక్షన్ ప్రకారం స్థానిక సంస్థను సంప్రదించి వాహనాలు ఎక్కడ నిలపాలో నిర్ణయించవచ్చు. పది గంటలకు పైగా దిక్కులేకుండా వదిలేసిన బండిని లాగించివేసి, ఆ ఖర్చు యజమాని దగ్గర రాబట్టే అధికారం 127వ సెక్షన్ ఇస్తుంది.

ఈ అధికారాలు ఎవరి మీద ప్రయోగిస్తున్నారన్నదే ప్రశ్న. ట్రాఫిక్‌కు అడ్డమంటూ గంపలో కూరగాయలు పెట్టుకున్న ఆమెను క్షణంలో లేపేస్తారు. 2014 వీధి వ్యాపారుల చట్టం ఆమెకు రక్షణ కల్పించింది, పట్టణ వెండింగ్ కమిటీలోని వ్యాపారుల ప్రతినిధుల్లో మూడోవంతు మహిళలు వుండాలని చెప్పింది. అయినా గంప కదులుతుంది, లారీ కదలదు.

అయితే మన పోరాటం డ్రైవర్ల మీద కాదు. అప్పు చేసి లారీ కొన్నవాడు టైర్లు, బ్యాటరీ, డీజిలు పోతాయన్న భయంతో ఇంటి ముందు నిలుపుకుంటాడు. ఆ ఇంట్లో వున్నదీ మన అక్కచెల్లెళ్ళే. వూరి బయట కాపలా, దీపాలు, నీళ్ళు, మరుగుదొడ్లు వున్న లారీ స్టాండు చూపించకుండా జరిమానాలు వేస్తే లారీ ఒక సందు నుంచి ఇంకో సందుకు, సాధారణంగా మరింత పేదల సందుకు, మారుతుంది. అందుకే రెండు కోర్కెలూ కలిపి అడగాలి: ఇళ్ళ మధ్య నిషేధం, వూరి బయట స్టాండు.

డబ్బు లేదని మున్సిపాలిటీ అంటే రత్లాం కేసు గుర్తుచేయండి. మధ్యప్రదేశ్‌లోని ఆ పట్టణ ప్రజలు మురుగు, మరుగుదొడ్ల సమస్య మీద మేజిస్ట్రేటును ఆశ్రయించారు. నిధులు లేవన్న సాకుతో మున్సిపాలిటీ బాధ్యత తప్పించుకోలేదని 1980లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వాళ్ళు వాడిన 133వ సెక్షన్ స్థానంలో, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్ వుంది. దారికి అడ్డం తొలగించమని దాని కింద ఆర్డీవోకు అర్జీ పెట్టుకోవచ్చు.

సంఘాలు చేయాల్సిన మొదటి పని చిన్నదే. ఒక వారం పాటు మీ వీధిలో ఏ బండి ఎప్పుడు నిలిచిందో, ఎప్పుడు కదిలిందో, ట్యాంకరు ఎక్కడ ఆగిందో నోటు పుస్తకంలో రాయండి. డ్రైవర్ల ఇళ్ళ ఆడవాళ్ళనీ కలుపుకుని కూర్చోండి. అర్జీ మీద వాళ్ళ సంతకాలూ వుండాలి. మున్సిపాలిటీల్లో సగం స్థానాలు మహిళలకు కేటాయించిన రాష్ట్రం మనది. ఓటడగడానికి వచ్చినవాళ్ళను ఆ సందులోంచే నడిపించి, లారీ స్టాండు సంగతి అక్కడే అడగండి.

మీ వార్డుల్లో ఏం జరిగిందో రాసి పంపండి, వచ్చే సంచికలో వేస్తాం.

- సంపాదకవర్గం