ఆటలో పలనాడు

కంప్యూటరుపై ఆడు యుద్ధపుటాటలు కాలమును హరించునవే గాని విద్య నొసగునవి కావని పెద్దలు పలువురు తలంతురు. ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు. అయినను ఆట నాడుట వేఱు, ఆటను దిద్దుట వేఱు. ఒకరు చేసిన ఆటలోని రాజ్యములను, సేనలను, పటములను, నియమములను అభిమానులే మార్చి క్రొత్తగా కూర్చుటను ఆటగాండ్రు ‘మాడ్’ అందురు. ఈ రెండవ పనియందు విద్యార్థికి లాభము కలదని నా అభిప్రాయము.

‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ అను ఆట రెండవ భాగము 1999లో వెలువడినప్పుడు అందు 13 జాతులు మాత్రమే యుండెను. జపానువారుండిరి, పారసీకులుండిరి; భారతీయులు లేరు. 2012లో కొందఱు అభిమానులు ‘ఫర్గాటెన్ ఎంపైర్స్’ అను కూర్పును సిద్ధపఱచి, మఱి నాలుగు జాతులతోపాటు భారతీయులను అందు ప్రవేశపెట్టిరి. మఱుసటి యేడు ఆ కూర్పే అధికారికముగా అమ్మకమునకు వచ్చెను! 2022లో భారతీయులను హిందూస్థానీలు, బెంగాలీలు, ఘూర్జరులు, ద్రావిడులు అని నాలుగుగా విభజించిరి. రాజేంద్రచోళుని కథ అందు చేరినది. ఆ నాలుగింటిలో తెలుగువారికి వేఱు పేరు లేదు.

మన పిల్లవాడొకడు పలనాటి యుద్ధమును ఆటగా కూర్పబూనెననుకొందము. కారెంపూడి పటము గీయును, నాగులేటిని గీయును. పిమ్మట పొలములు గీయవలెను. నరసరావుపేట త్రోవలో తాను చూచిన యెఱ్ఱని మిరపకల్లములను గీసెనా, తప్పినాడన్నమాటయే. మిరప అమెరికా ఖండపు పంట. పోర్చుగీసువారి వెంట మన దేశమునకు వచ్చినది. వాస్కోడగామా కోళికోడు చేరినది 1498లో. పలనాటి పోరో, పండ్రెండవ శతాబ్దిది. బ్రహ్మనాయుడు మిరపకాయ నెఱుగడు. ఆయన కంచములోని కారము మిరియములదై యుండును. పొగాకును అట్టిదే. ప్రత్తి మాత్రము మనకు ప్రాచీనము. మోటుపల్లి సీమను వర్ణించుచు మార్కోపోలో అచటి సన్నని వస్త్రములను సాలెగూటితో పోల్చెను. ఇన్ని సంగతులు ఒక్క పొలమునకు రంగు వేయుటలో తెలియవచ్చినవి.

ఆ మోటుపల్లిలోనే కాకతి గణపతిదేవుని అభయశాసనము కలదు. అది 1244 ప్రాంతమున వేయించినది. తుపానుకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును పూర్వరాజులు అపహరించుచుండిరనియు, తాము సుంకము మాత్రమే తీసికొందుమనియు ఆ రాజు వర్తకులకు మాట యిచ్చెను. పరుల ఓడలను ముంచినకొలది గెలుపు నిచ్చు ఆటలలో ఈ ధర్మమునకు చోటేది? కూర్పరి తలచినచో చోటు కల్పింపగలడు; సరకును విడిచిన రేవునకు మఱునాడు పది ఓడలు వచ్చునట్లు నియమము వ్రాసిన చాలును.

ఇచ్చట నొక కీడును కలదు. తనవారనుకొన్న రాజునకు ఓటమి యెఱుగని బలమిచ్చి, ఎదిరిపక్షమును రాక్షసులనుగా చేయుట కడు సులభము. కులాభిమానము మన సీమలో కొఱవడినది కాదు గదా! పలనాటి కథ మనకు చేరినది శ్రీనాథుని పేర వెలసిన ద్విపదకావ్యము వలనను, వీరగాథలు పాడువారి నోటను. అందు నాయకురాలు నాగమ్మ దోషిగానే నిలిచినది. నలగామరాజునకు మంత్రిణియై రాజ్యమును నడపిన ఆ స్త్రీకి ఆ పోరు ఎట్లు కనబడెనో కావ్యము చెప్పలేదు. ఆటలో ఇరుపక్షముల నుండియు ఆడవచ్చును. కావ్యమునకు లేని ఈ సౌకర్యమును కూర్పరి విడిచినచో, ఆ శ్రమయంతయు తన గొప్ప చెప్పుకొనుటకే యగును.

అన్నిటికన్న కఠినమైనది చాపకూడు. ఆటలో ధాన్యమునకు, బంగారమునకు, సేనకు అంకెలు కలవు. బ్రహ్మనాయుడు వివిధ కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి భుజింపజేసెననియు, మాలకులమున పుట్టిన కన్నమదాసును కొడుకుగా చేకొని సేనను నడిపించెననియు కథ చెప్పును. ఆ కూడునకు ఎన్ని అంకెలు వేయవలెను? మాచెర్ల బలమునకు కలుపవలెనా, తీసివేయవలెనా? నేనైతే కలిపెదను. నలగాముని కొలువులోని పెద్దలు తీసివేయుమందురు.