తడిసిన రొట్టె కథ



మొన్న ఒక సాయంకాలం మా మనుమరాలు బడినుంచి వచ్చి, టిఫిన్ డబ్బా నా ముందు పెట్టి, మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయింది. మూత తీసి చూశాను. పొద్దున ముచ్చటపడి చేసుకున్న సాండ్‌విచ్ నానిన అట్టముక్కలాగా ఉన్నది. తోటిపిల్లలు నవ్వారట. "ఇంకెప్పుడూ చెయ్యను, తాతా!" అన్నది.

ఆమె చేసినది ఇటలీ వారి పద్ధతి. వెనుక అమెరికాకు వలస వెళ్ళిన ఇటలీ వాళ్ళు అంగళ్ళు పెట్టుకుని, పొడుగాటి రొట్టెలో మాంసం, చీజు, టమాట, ఉల్లి, సిర్కా, ఆలివ్ నూనె చేర్చి అమ్మేవారు. ఈమధ్య వాటన్నిటినీ ఒకే పలకమీద వేసి, సన్నగా తరిగి, రొట్టెలో నింపుతున్నారు. అప్పుడు ప్రతి ముద్దలోనూ అన్ని రుచులూ తగులుతాయి. ఒక చిత్రం చెప్పనా? టమాట పుట్టిల్లు ఇటలీ కాదు, అమెరికా ఖండం. 1492లో కొలంబసు అక్కడికి వెళ్ళిన తరవాతనే అది సముద్రం దాటి వచ్చింది.

సరే, రొట్టె ఎందుకు తడిసింది? నిజం చెబుతున్నాను, తప్పు నాదే. "ముందే ఉప్పు కలిపి పెట్టు, రుచి పడుతుంది" అని సలహా చెప్పినవాణ్ణి నేనే!

"రా బిడ్డా, దొంగను పట్టుకుందాం" అని ఆమెను పిలిచి, ఒక కీరదోసకాయను సన్నగా తరిగి రెండు గిన్నెల్లో వేయించాను. ఒకదానిలో అరచెంచా ఉప్పు కలిపాము, రెండోదానిలో ఏమీ వెయ్యలేదు. ఇరవై నిమిషాల తరవాత గిన్నెలు వంచి చూస్తే, ఉప్పు వేసినదాని అడుగున నీళ్ళు చేరి ఉన్నాయి! రెండోదానిలో కాస్త చెమ్మ మాత్రమే ఉన్నది.

కీరదోసకాయలో నూటికి సుమారు 95 పాళ్ళు నీరే. ఆ నీరు కంటికి కనపడని చిన్నచిన్న గదుల్లో ఉంటుంది. వాటినే జీవకణాలంటారు. గదిని చుట్టిన పలచని పొర నీటిని పోనిస్తుంది, ఉప్పును అంత సులువుగా పోనివ్వదు. బయట ఉప్పు ఎక్కువైతే లోపలి నీరు బయటికి వస్తుంది. దీనికి ద్రవాభిసరణం అని పేరు. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట ఊరటం మీరు చూడలేదూ? అదీ ఇదే.

మరి సన్నగా తరిగితే నీరు ఎక్కువ ఎందుకు? లెక్క చూడండి. 2 సెంటీమీటర్ల ఘనపు ముక్కకు ఆరు ముఖాలు, మొత్తం 24 చదరపు సెంటీమీటర్లు. దాన్ని 1 సెంటీమీటరు ముక్కలు ఎనిమిది చేస్తే 48 అవుతుంది. కాయ అంతే, ఉప్పు తగిలే చోటు రెట్టింపు!

ఇక తయారుచేసే పద్ధతి వినండి. కత్తి పట్టేటప్పుడు పెద్దవారు పక్కన ఉండాలి. ఒక కీర, గింజల గుజ్జు తీసిన ఒక టమాట, సగం ఉల్లిగడ్డ, కొంచెం కొత్తిమీర కలిపి సన్నగా తరగండి. ఉప్పు వేసి పావుగంట ఉంచి, పిండండి. ఆ రసం పారబొయ్యకండి, మజ్జిగలో కలుపుకు తాగవచ్చు. తరవాత నిమ్మరసం, చెంచాడు నూనె, మిరియాలపొడి, నలిపిన వాము చిటికెడు వెయ్యండి. ఇటలీవారు వేసే ఒరెగానోలోనూ మన వాములోనూ థైమాల్ అనే ఒకే సుగంధ ద్రవ్యం ఉన్నది! ఇంట్లో వెంటనే తినేటట్లయితే ఉడికిన గుడ్డో పనీరో కలపండి. బడికి తీసుకుపోయేటట్లయితే అవి వద్దు, ఎండవేళ త్వరగా చెడిపోతాయి. వాటికి బదులు వేయించిన పల్లీలు బాగుంటాయి.

డబల్ రొట్టె లోపలివైపు వెన్న రాయండి. వెన్నకూ నీటికీ పొత్తు లేదు గనక తడి తొందరగా దిగదు. కూర వేరే డబ్బాలో తీసుకుపోయి తినేముందు నింపుకుంటే ఇంకా మేలు.

సోమవారం మా మనుమరాలు రెండు డబ్బాలు పట్టుకుపోయింది. సాయంకాలం రెండూ ఖాళీ. "నాకు రెండు ముద్దలే మిగిలాయి, తాతా!" అని ఫిర్యాదు చేసింది. మొన్న నవ్వినవాళ్ళే మిగతాది తిన్నారట!

ఇప్పుడు మీకొక ప్రశ్న. ఎండుద్రాక్షను మంచినీళ్ళలో వేసి రాత్రంతా ఉంచితే ఏమవుతుంది? ఎందుకు? ముందు ఆలోచించండి, తరవాత చేసి చూడండి. వచ్చే నెల మాట్లాడుకుందాం.