కొత్త కంప్యూటర్‌కి ‘రన్నింగ్’ అవసరమా?



కంప్యూటర్ గది తలుపు మీద అంటించిన కాగితం మీరంతా చూసే ఉంటారు. "మొదటి నెల రోజుకు ఒక్క గంట మాత్రమే. టైపింగ్ తప్ప వేరే పని చేయరాదు. గంట కాగానే ఆపవలెను." కింద వార్డెన్ సారు సంతకం. ఆ కాగితం గురించే నా అభిప్రాయం రాస్తున్నాను. సారు కూడా ఈ గోడ దగ్గర ఆగి చదువుతారని తెలిసే రాస్తున్నాను. తప్పుంటే పిలిచి చెప్పండి సార్.

ఈ రూలు ఎలా వచ్చిందో నాకు తెలుసు. ఆ రోజు అట్టపెట్టెలు మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. కంప్యూటర్లు బిగించడానికి వచ్చినాయన వెళ్తూ వెళ్తూ, "కొత్తవి సార్, నెల రోజులు మెల్లగా వాడించండి, ప్రాసెసర్ సెట్ అవ్వాలి" అన్నాడు. పక్కనున్న జీపు డ్రైవరన్న "అవును మరి, కొత్త బండి అయినా అంతే కదా" అన్నాడు. అంతే, మర్నాడు కాగితం తలుపెక్కింది. నిజం చెప్పాలంటే ఆ మాటకి నేనూ తలూపాను.

తలూపడంలో వింతేమీ లేదు. మన ఇళ్లల్లో కొత్త వస్తువు ఏదైనా ముందు అలవాటు పడాలి. కొత్త కుండని నానబెట్టి, గంజి కాచి పారబోసి, అప్పుడు గానీ అందులో అన్నం వండరు. కొత్తగా గాట్లు కొట్టించిన తిరగలిలో మా అమ్మ మొదట చోళ్లు పోయదు. నూకో తవుడో పోసి తిప్పి, రాతిపొడితో సహా పారేస్తుంది. కొత్త చెప్పులు నాలుగు రోజులు కరిచిగానీ ఊరుకోవు. ఇవన్నీ అనుభవం మీద వచ్చిన మాటలు, నేను వాటిని వెక్కిరించడం లేదు.

కొత్త బండి సంగతీ నిజమే. ఇంజను లోపల సిలిండరు గోడ, పిస్టన్ రింగులు కంటికి నున్నగా కనిపించినా వాటి మీద సన్నటి గరుకు ఉంటుంది. మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో అవి ఒకదానికొకటి రాసుకుని సర్దుకుంటాయి. రాలిన లోహపు పొడి ఆయిల్లో కలుస్తుంది. అందుకే ఫస్టు సర్వీసింగులో ఆ ఆయిల్ తీసేసి కొత్తది పోస్తారు. మా అమ్మ తిరగలిలో నూక పారేసినట్టే.

మరి ప్రాసెసర్‌లో ఏది దేనితో రాసుకుంటుంది? నేను అడగదలచిన ప్రశ్న ఇదొక్కటే. మన కంప్యూటర్ సారుని అడిగాను, ఆయన ఇచ్చిన పుస్తకం కూడా చదివాను. ప్రాసెసర్ అంటే సిలికాన్ అనే పదార్థం పలక. దాని మీద ట్రాన్సిస్టర్లు అనే చిన్న చిన్న స్విచ్‌లు ఉంటాయి. 1971లో ఇంటెల్ కంపెనీ చేసిన 4004 అనే చిప్‌లో అవి సుమారు 2300. ఇప్పటి వాటిలో వందల కోట్లు. ఇన్ని ఉన్నా ఒక్కటీ కదలదు. తిరిగేది లేదు, రాసుకునేది లేదు, పారబోయడానికి ఆయిలూ లేదు. కదిలేవల్లా ఎలక్ట్రాన్లు. కాబట్టి మొదటి రోజు ఎంత వేగంగా లెక్క చేస్తుందో నెల తర్వాతా అంతే వేగంగా చేస్తుంది.

అయితే ఈ మాట గాల్లోంచి పుట్టలేదు. ఫ్యాక్టరీల్లో ‘బర్న్-ఇన్’ అనే పరీక్ష ఒకటుంది. కొత్త చిప్‌లను పెద్ద పొయ్యిలాంటి పెట్టెలో పెట్టి, 125 డిగ్రీల దాకా వేడిచేసి, మామూలు కంటే ఎక్కువ వోల్టేజి ఇచ్చి గంటల తరబడి పనిచేయిస్తారు. ఎందుకంటే తయారీలో లోపం ఉన్న చిప్‌లు చాలావరకు తొందరగానే పోతాయి. మొదట్లోనే బతికి బట్టకట్టినవి తర్వాత ఏళ్ల తరబడి నడుస్తాయి. మళ్లీ ముసలితనంలో పోవడం పెరుగుతుంది. ఈ లెక్కని గీత గీస్తే స్నానాల తొట్టిలా వస్తుందట, ఇంగ్లీషులో దాని పేరే అది. మా తాత విత్తనాలని నీళ్లలో వేసి తేలినవి తీసి పారేస్తాడు. ఆ నీళ్ల వల్ల మునిగిన గింజ కొత్తగా గట్టిపడదు, తాలు గింజ ఏదో తెలుస్తుంది, అంతే. బర్న్-ఇన్ కూడా అలాంటి ఏరివేతే. పైగా అందులో చిప్‌ని మెల్లగా నడపరు, నిప్పుల్లో నడిపిస్తారు! మన తలుపు మీది కాగితానికి ఇది పూర్తిగా ఎదురు.

ఇంకో కారణం కూడా దొరికింది. ప్రాసెసర్ మీద వేడి లాగేసే లోహపు దిమ్మ ఉంటుంది. రెంటి మధ్య ఖాళీ లేకుండా ఒక లేపనం పూస్తారు, దాన్ని థర్మల్ పేస్ట్ అంటారు. ఆర్కిటిక్ సిల్వర్ 5 అని ఒక రకం పేస్ట్ ఉంది. అది బాగా సర్దుకోవడానికి 200 గంటల దాకా పట్టవచ్చని తయారుచేసినవాళ్లే చెప్పారు. వేడెక్కుతూ చల్లారుతూ ఉంటేనే సర్దుకుంటుంది, అప్పుడు వేడి రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా తగ్గుతుంది. 1998లో సెలెరాన్ 300ఎ అనే చిప్ వచ్చింది. 300 మెగాహెర్ట్జ్ చిప్‌ని చాలామంది 450 మీద పరిగెత్తించారు. అలాంటి పనులు చేసేవాళ్లలోనే "రెండు రోజులు గట్టిగా నడిపితే చిప్ సాగుతుంది" అన్న నమ్మకం బాగా పాకింది. వాళ్లకి కనిపించిన తేడా ఈ పేస్ట్ వల్ల వచ్చిందేమో అని నా అనుమానం.

నిజానికి వాడేకొద్దీ చిప్‌లో మార్పు వస్తుంది, కానీ అది బాగుపడే వైపు రాదు. ఎలక్ట్రాన్లు తోసుకుంటూ పోతుంటే లోపలి సన్నటి లోహపు తీగల్లోని పరమాణువులు కొద్దికొద్దిగా పక్కకి జరుగుతాయి, ఏరు గట్టు కోసినట్టు. వేడి, కరెంటు పెరిగితే ఇది కూడా పెరుగుతుందని 1969లోనే జేమ్స్ బ్లాక్ అనే ఆయన సూత్రం రాశాడు. 2024లో ఇంటెల్ 13వ, 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌లు కొన్ని అవసరానికి మించిన వోల్టేజి వల్ల పాడయ్యాయి. కంపెనీ ఆగస్టులో దిద్దుబాటు ప్రోగ్రాము ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పెంచింది. అప్పటికే దెబ్బతిన్న చిప్ మాత్రం ఆ దిద్దుబాటుతో బాగుపడలేదు, మార్చుకోవలసిందే. మొదటి నెల మెల్లగా నడిపి ఉంటే ఆ చిప్‌లు బాగుండేవా? వోల్టేజి తప్పు నెల తర్వాత కూడా తప్పే కదా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సారు భయం దేనికో నాకు అర్థమైంది. పాత కంప్యూటర్ ఒకటి చెడిపోయి మూలన ఎన్నాళ్లు పడి ఉందో మనందరం చూశాం. ఘాట్ రోడ్డెక్కి ఇంత దూరం వచ్చి బాగుచేసేవాళ్లు ఎవరు? అందుకే జాగ్రత్త. కానీ సార్, ఆ భయం ఉన్నందుకే మొదటి నెల ఎక్కువ వాడాలని నేనంటాను. లోపం ఉన్న యంత్రం మొదట్లోనే బయటపడే అవకాశం ఎక్కువ అని పైన రాశాను కదా. వారంటీ రోజులు మనం వాడినా వాడకపోయినా తరిగిపోతూనే ఉంటాయి. గుడ్డ కప్పి దాచుకుంటే లోపం కూడా దాని కిందే దాగి, వారంటీ అయ్యాక బయటికి వస్తుంది. అప్పుడు డబ్బు మనదే పోతుంది.

జాగ్రత్తలు వద్దనడం లేదు. కరెంటు ఎగిరెగిరి పడినప్పుడు యూపీఎస్ లేకుండా పెట్టవద్దు. కిటికీ పక్కన వరసలో దుమ్ము పేరుకుంటోంది, ఫ్యాను దారులు మూసుకుపోతాయి. గోడకి ఆనించి పెట్టిన రెండింటినీ జానెడు ఇవతలికి జరపాలి. మొన్న ఒక దానిపైన ప్లాస్టిక్ కవరు తీయకుండానే నడిపారు, కొత్తగా ఉండాలని! దానికి ఊపిరాడొద్దా?

పోయిన గురువారం ఏడో తరగతి తమ్ముడొకడు నా పక్కన కూర్చున్నాడు. కంప్యూటర్ ముట్టుకోవడం వాడికి అదే మొదలు. వాళ్ల ఊళ్లో సెల్లు సిగ్నల్ కూడా లేదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ వాళ్ల ఊరి పేరు తెలుగులో కొడుతున్నాడు. సగం అయ్యేసరికి గంట కొట్టారు. సేవ్ చేయడం వాడికి తెలియదు, నేను చెప్పేలోగా స్విచ్ ఆపేశారు. వాడు తెర వంక చూసి "అన్నా, ఇందాకటిది ఎక్కడికి పోయింది?" అని అడిగాడు. వాడి వంతు మళ్లీ పదకొండు రోజులకి వస్తుంది.

వార్డెన్ సారుకి నా మనవి. రోజూ సాయంత్రం ఆటల తర్వాత రెండు గంటలు, ఆదివారం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా గది తెరవండి. ప్రోగ్రాములు కూడా రాయనివ్వండి. తాళంచెవి బాధ్యత పదో తరగతి వాళ్లం వంతులవారీగా తీసుకుంటాం, దుమ్ము కూడా మేమే తుడుస్తాం. ఏ యంత్రం ఎప్పుడు ఆగిందో నోటుబుక్కులో రాసి ఉంచుతాం, వారంటీ వాళ్లకి చూపించడానికి పనికొస్తుంది.

నా మాట కాదనేవాళ్లు ఉంటారు. డ్రైవరన్న కూడా కాదన్నాడు, మేం భోజనాల దగ్గర ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం. ఈ కాగితం కింద జానెడు ఖాళీ వదిలాను. పెన్సిలు దారంతో మేకుకి కట్టి ఉంది. రాయండి.

— పదవ తరగతి, ‘బి’ సెక్షన్