కాలువ పూడ్చకముందే వైరు చూడండి



సోలార్ పంపుసెట్ మన చేన్లకు వస్తున్నది. రావాలె కూడా. 2025 మే 19న నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలం మాచారంలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఇందిర సౌర గిరి జల వికాసం పథకాన్ని మొదలుపెట్టారు. 12,600 కోట్ల ఖర్చు, 6 లక్షల ఎకరాల పోడు భూములు, 2 లక్షల 10 వేల మంది గిరిజన రైతులు అని లెక్క చెప్పారు. కరెంటు స్తంభం రాని చోటికి నీళ్లు వస్తయంటే ఎవరు వద్దంటరు? మన తాతలు పట్టా కోసం కొట్లాడిండ్రు, మనం ఆ పట్టా భూమికి నీళ్ల కోసం కొట్లాడుతున్నం.

ప్యానెల్ అందరికీ కనపడుతది. దాని పక్కన నిలబడి ఫొటో దిగుతరు, కొబ్బరికాయ కొడుతరు. కానీ ప్యానెల్ నుంచి కంట్రోలర్‌కు, కంట్రోలర్ నుంచి బోరుకు పోయే వైరు సంగతేంది? పని తొందరగా ముగించుకునే కాంట్రాక్టర్ జానెడు లోతు కాలువ గీకిస్తడు, వైరు పడేస్తడు, కాలుతోనే మట్టి నెట్టి చేతులు దులుపుకుంటడు. ఆ వైరు ఏ రకం, ఎంత లోతులో ఉంది, నడుమ ఎన్ని అతుకులు ఉన్నయి, మట్టి కప్పినంక ఎవరూ చెప్పలేరు. అందుకే నేను అడిగేది ఒక్కటే. మనం చూడకుండా, కొలవకుండా ఆ కాలువను పూడ్చనియ్యొద్దు.

ఇది నల్లమల ముచ్చట ఒక్కటే కాదు. నేను రాస్తున్నది ఆత్మకూర్ నుంచి. ఇదీ పాత పాలమూరే, ఇప్పుడు వనపర్తి జిల్లా. జూరాల పక్కనే ఉన్నా, కాలువ నీళ్లు ఎక్కని ఎత్తు చెలకలకు బోరే దిక్కు. చెంచుపెంటయినా, గూడెమయినా, తండా అయినా సోలార్ వచ్చిన ప్రతి చేనుకూ ఈ వైరు ముచ్చట వర్తిస్తది.

వైరు పాతుడే తప్పని నేను అంటలేను. పైన లాగితే కొమ్మ విరిగి పడుతది, కోతులు గుంజుతయి, రాగి కోసం దొంగలు కోసుకపోతరు. బోర్ల కాడ వైర్ల దొంగతనం మన రైతులకు కొత్త కాదు. కాబట్టి పాతాల్సిందే. అయితే భూమిలో పాతేందుకు చేసిన కేబుల్ వేరు, ప్యానెళ్ల కింద కట్టేందుకు చేసిన వైరు వేరు.

ప్యానెళ్లకు వాడే సన్నటి నల్ల, ఎర్ర వైర్లకు మన దేశంలో ఐఎస్ 17293 అనే ప్రమాణం ఉంది. ఎండకు, వానకు ఏండ్లకేండ్లు తట్టుకునేటట్టు వాటిని చేస్తరు. కానీ రాయి ఒత్తిడిని, ఎలుక పంటిని, నాగలి కర్రును ఆపే ఇనుప కవచం వాటికి ఉండదు. నేరుగా మట్టిలో వెయ్యాలంటే లోపల ఇనుప తీగ గానీ ఇనుప పట్టీ గానీ చుట్టిన ఆర్మర్డ్ కేబుల్ కావాలె. అది లేకపోతే గట్టి హెచ్‌డీపీఈ పైపులోంచి వైరు తియ్యాలె. అమెరికాలో నేరుగా పాతే కేబుల్‌ను వేరే రకంగానే లెక్కగట్టి అమ్ముతరు. అక్కడి భూమికి ఉన్న మర్యాద మన చెలకకు ఎందుకు ఉండొద్దు?

“బోరులో నీళ్లల్లనే ఉంటది గదా ఈ ఫ్లాట్ కేబుల్, మట్టిలో ఏమైతది?” అని మేస్త్రీ అడుగుతడు. వినడానికి నిజమే అనిపిస్తది. బోరులో కేబుల్ పైపును పట్టుకొని వేలాడుతది. అక్కడ దాన్ని తొక్కేటోడు లేడు, దున్నేటోడు లేడు, కొరికే పందికొక్కు లేదు. మట్టిలో అవన్నీ ఉన్నయి. మన ఎర్ర చెలకల్లో పదునైన గులకరాళ్లుంటయి. నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిస్తది, వానాకాలం ఉబ్బుతది, ఏటేటా వైరును అటూ ఇటూ గుంజుతది. చెదలు, ఎలుకలు ఉండనే ఉన్నయి. అడవిపంది గడ్డల కోసం తవ్వితే జానెడు లోతు ఒక లెక్కనా? ట్రాక్టర్ దిగితే అసలే లెక్క కాదు.

వైరు మీది తోలు గీరుకుపోతే ఏమైతదో ప్రతి ఇంట్ల తెలవాలె. ఒక్కో ప్యానెల్ ఎండలో సుమారు 40, 50 వోల్టులు ఇస్తది. వాటిని వరుసగా కలిపితే పంపుకు వందల వోల్టులు పోతయి. అది డీసీ కరెంటు. ఇంట్ల వచ్చే ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తది, అందుకే నిప్పురవ్వ లేచినా ఆరిపోయే వీలుంటది. డీసీ సున్నాకు రాదు. తెగిన చోట మంట అంటుకుంటే మండుతూనే ఉంటది. ఇంకో సంగతి, పొద్దు ఉన్నంతసేపు ప్యానెల్‌ను బంద్ పెట్టే స్విచ్ లేదు. కంట్రోలర్ ఆపితే మోటర్ ఆగుతది గానీ, ప్యానెల్ నుంచి కంట్రోలర్ దాకా ఉన్న వైరులో కరెంటు ఉంటనే ఉంటది. మోటర్ ఆపిన కదా అని పారతో తవ్వే రైతుకు ఈ ముచ్చట ఎవరు చెప్పిండ్రు?

ఇంకో మోసం కూడా ఉంది. ఒక వైరు ఒక్క చోట మట్టికి తగిలితే చాలాసార్లు ఏమీ కాదు, మోటర్ నడుస్తనే ఉంటది. రెండో వైరు ఇంకో చోట తగిలిన రోజే అసలు ప్రమాదం. మొదటి తప్పును పట్టిచ్చే గుర్తు ఒకటుంది. రాత్రి వాన పడితే తెల్లారి మోటర్ నడవదు, మధ్యాహ్నం ఎండకు మట్టి ఆరితే మళ్లీ నడుస్తది. దాన్ని “మిషిన్ మొరాయిస్తున్నది” అని వదిలెయ్యొద్దు. తడి లోపలికి పోతున్నదని కంట్రోలర్ చెప్తున్నదేమో చూపించుకోవాలె. ఆ హెచ్చరికను తప్పించి మోటర్‌ను “డైరెక్ట్” చేసే మెకానిక్‌ను చేనులోకి రానియ్యొద్దు.

తడి మట్టిలో ఉత్త కాళ్లతో నడిచేది మనం. మడికట్టే ఆడోళ్లు, పశువుల ఎంట పోయే పిల్లలు. ఎద్దుకయితే ముందు కాళ్లకు, వెనక కాళ్లకు దూరం ఎక్కువ, భూమిలో పారే కరెంటు దెబ్బ మనిషికంటే దానికే ఎక్కువ తగులుతది. ఒక ఎద్దు పోతే ఒక ఏడాది సేద్యం పోయినట్టే.

మరి బాధ్యత ఎవరిది? స్తంభం మీది తీగ తెగితే లైన్‌మన్‌ను పిలుస్తం, డిస్కంను అడుగుతం. స్తంభమే లేని చేనులో, పథకం కింద కాంట్రాక్టర్ పాతిన వైరుకు ఎవరిని అడగాలె? పీఎం కుసుమ్ పంపుసెట్లకు 5 ఏండ్ల మరమ్మతు బాధ్యత పెట్టుకున్నరు. ప్యానెల్ 25 ఏండ్లు పనిచేస్తదని చెప్తరు. ఆరో ఏడాది నుంచి మట్టిలో ఉన్న వైరుకు దిక్కెవరు? ఈ ప్రశ్నకు జవాబు కాగితం మీద రాసి ఇయ్యాలె. కరెంటు ప్రమాదం జరిగితే విద్యుత్ చట్టం 2003 సెక్షన్ 161 ఉంది, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ విచారణ ఉంది. అయితే విచారణ మనిషి పోయినంక వస్తది. మనకు కావాల్సింది పోకముందు తనిఖీ.

ఆ తనిఖీ చేసే హక్కు మనకు లేదని ఎవరన్నా అంటే అటవీ హక్కుల చట్టం 2006 చూపియ్యండి. అటవీ భూమిలో కరెంటు లైన్లు, సంప్రదాయేతర ఇంధనం లాంటి వసతులు పెట్టాలంటే సెక్షన్ 3(2) కింద గ్రామసభ సిఫారసు కావాలె. పని పెట్టమని సిఫారసు చేసే సభకు, ఆ పని సక్కగ చేసిండ్రా లేదా చూసే అధికారం లేకుండ ఎట్ల పోతది?

కాబట్టి పని మొదలైన రోజు గ్రామసభ నుంచి ఇద్దరు చదువుకున్న పిల్లలు, ఇద్దరు ఆడోళ్లు చేను కాడ ఉండాలె. చూడాల్సినవి ఇవి:

1. కేబుల్ మీద అచ్చు వేసిన అక్షరాలు చదవండి, ఫొటో తియ్యండి. ఆర్మర్డ్ కాకపోతే పైపు ఏదని అడగండి.

2. టేపుతో లోతు కొలవండి. కేబుళ్లు పాతే పద్ధతి చెప్పే ఐఎస్ 1255 ప్రకారం లో వోల్టేజ్ కేబుల్ 75 సెంటీమీటర్ల లోతులో ఉండాలె, అంటే రెండున్నర అడుగులు. బాట దాటే చోట మీటరు.

3. కేబుల్ కింద, పైన రాళ్లు లేని ఇసుక గానీ మెత్తటి మట్టి గానీ పొయ్యాలె. దాని మీద ఇటుకలు, ఆ పైన హెచ్చరిక టేపు. రేపు ఎవరన్న తవ్వితే గడ్డపారకు ముందు ఇటుక తగలాలె.

4. మట్టిలో అతుకు వద్దు. ప్యానెల్ కనెక్టర్లను అస్సలు పాతొద్దు. పైపు రెండు చివర్లు మూసెయ్యాలె, లేకపోతే అందులో నీళ్లు, ఎలుకలు కాపురం పెడుతయి.

5. ప్యానెళ్ల కాడ డీసీ ఐసోలేటర్ ఉండాలె, ఇనుప స్టాండ్‌కు ఎర్తింగ్ ఉండాలె. మెగ్గర్‌తో పరీక్ష మన ముందే చెయ్యాలె. ఒక మెగాఓమ్ కంటే తక్కువ చూపిస్తే పని అయిపోనట్టే.

6. వైరు పోయిన దారిలో గుర్తురాళ్లు పాతి, ఒక నక్ష గీసి, ఒక కాపీ రైతుకు, ఒకటి గ్రామసభకు ఇయ్యాలె.

ఇవి ఒప్పుకున్నంకనే పని పూర్తయిందని సంతకం. అంతకుముందు వేలిముద్ర కూడా పెట్టొద్దు. ఇప్పటికే పాతిన చోట వైరు బయటపడితే ముట్టుకోవద్దు, కొయ్యొద్దు, కనెక్టర్ గుంజొద్దు. కంట్రోలర్ ఆపి, ఐసోలేటర్ ఆపి, పిల్లలను, పశువులను దూరం పెట్టి తెలిసినోళ్లను పిలవండి.

“ఇన్ని అడిగితే పథకమే వెనక్కి పోతది” అని భయపెట్టేటోళ్లు ఉంటరు. వేల కోట్ల పథకం ఒక కాలువను రెండున్నర అడుగులు తవ్వమంటే ఆగిపోదు. ఆగేది బిల్లు, అది కూడా పని సక్కగయ్యేదాకనే. ప్రభుత్వాన్ని ఇంకోటి కూడా అడుగుదాం. ప్రతి పెంటలో, ప్రతి గూడెంలో ఐటీఐ, డిప్లొమా చదివి ఖాళీగ ఉన్న మన పిల్లలకు ఈ పని నేర్పియ్యండి, మెగ్గర్ చేతికియ్యండి, జీతం ఇయ్యండి. మన చేను వైరును మనోళ్లే చూసుకుంటరు.

పోడు చుట్టూ అటవీ శాఖ కందకం తవ్వితే మన హద్దు దాటిందా లేదా అని అడుగు అడుగు కొలిచినోళ్లం మనం. మన చేనులో మన పేరు మీద తవ్వే ఈ చిన్న కాలువను కొలవలేమా? మీ ఊళ్లో పని నడుస్తుంటే టేపు పట్టుకొని పోండి. లోతు కనపడేటట్టు ఫొటో తీసి ఈ పేజీకి పంపండి, మండలాల వారీగా జాబితా తయారు చేసి అధికారుల ముందర పెడుదాం.

నీళ్లు మన హక్కు. ప్రాణానికి భయం లేని నీళ్లు కూడా మన హక్కే.

జై ఆదివాసీ!