మెమరీ బోలెడు... అయినా చాలదట!

'మా లెక్కల ప్రోగ్రాం 32 ఎంబీ మెమరీతో ఏళ్ల తరబడి శుభ్రంగా నడిచింది. ఆ కంప్యూటర్ పాడైతే మా అబ్బాయి కాలేజీలో వాడిన ఎక్స్‌పీ కంప్యూటర్‌లో వేశాం. దాంట్లో 3 జీబీ ఉన్నా మెమరీ చాలదంటోంది. కొత్త ల్యాప్‌టాప్‌లో వేస్తే ఇది ఇక్కడ నడవనే నడవదని ఒక్క ముక్కలో తేల్చేసింది. ఇంతకీ తప్పు ఎవరిదండీ?'

ఎరువుల దుకాణం నడిపే తెలిసినాయన ఒకరు ఈమధ్య ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఇది. ఆయన కంగారుకు కారణం ఉంది. 1997లో ఒక కుర్రాడు ఫాక్స్‌ప్రోలో రాసిచ్చిన ఆ ప్రోగ్రాంలోనే ఏ ఊళ్లో ఏ రైతు ఎంత బాకీ ఉన్నదీ మొత్తం ఉంది. కాగితం మీద రాసుకోవడం ఎప్పుడో మానేశారు.

ఇలాంటి ఇబ్బంది దుకాణాల వారికే కాదు. పిల్లల పాత ఆటల సీడీలు, ప్రెస్సుల్లోని పేజ్‌మేకర్ ఫైళ్లు, స్కూళ్లలోని మార్కుల ప్రోగ్రాంలు... అన్నిటిదీ ఇదే గొడవ. కారణాలు తెలిస్తే చాలావరకు మనమే సర్దుకోవచ్చు.

ముందు ఈ పని చేయండి

ఏ మార్పూ చేయకముందే పాత ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌ను మొత్తంగా రెండు చోట్ల కాపీ చేసుకోండి. ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి వేరే కంప్యూటర్‌లో. ప్రయోగాలన్నీ కాపీ మీదే చేయాలి, అసలు దాన్ని ముట్టుకోకూడదు. ఫ్లాపీలు, పాత సీడీలు ఇంకా చదవగలిగే స్థితిలో ఉంటే వాటినీ ఇప్పుడే ఎక్కించుకోండి. రేపటికి అవి చదవనివ్వకపోవచ్చు.

640 దగ్గరే గీత

1981లో వచ్చిన ఐబీఎం పీసీలోని ప్రాసెసర్‌కు తెలిసిన మెమరీ మొత్తం 1 ఎంబీ, అంటే 1024 కేబీ. అందులో 640 కేబీ ప్రోగ్రాంలకు, మిగిలిన 384 కేబీ తెర వంటి వాటికి కేటాయించారు. డాస్ ప్రోగ్రాంలు ఆ గీతకు లోబడే పుట్టాయి. కాబట్టి మీరు ఎన్ని జీబీలు పెట్టినా వాటికి కనిపించేది ఆ 640 కేబీయే. వీధిలో ఎన్ని ఖాళీ స్థలాలున్నా మన పెరట్లోనే కదా పాదు పెట్టుకోగలం! ఆ కాస్త చోటులో మౌస్, ప్రింటర్ వంటి వాటి డ్రైవర్లు కూడా చేరితే ప్రోగ్రాంకు మిగిలేది ఇంకా తగ్గిపోతుంది.

640 దాటి వాడుకోవడానికి తర్వాత ఈఎంఎస్, ఎక్స్ఎంఎస్ అనే రెండు దారులు వచ్చాయి. ఎక్స్‌పీలో డాస్ ప్రోగ్రాం మీద రైట్‌క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళితే మెమరీ అనే ట్యాబ్ ఉంటుంది. అక్కడ ఈ రెండింటికీ ఎంత ఇవ్వాలో మనమే చెప్పవచ్చు. 'ఆటో' అని ఉన్నచోట 8192 ఎంచుకుని చూడండి. అంటే 8 ఎంబీ. పాత ప్రోగ్రాంకు అది పెద్ద జాగీరే.

ఎక్కువైనా చిక్కే

కొన్ని ప్రోగ్రాంలకు మెమరీ తక్కువై కాదు, ఎక్కువై తంటా. 32 బిట్లలో ప్లస్, మైనస్ రెండూ రాసుకోవాలంటే లెక్కించగల పెద్ద అంకె 2,147,483,647. అంటే సుమారు 2 జీబీ. ఖాళీ మెమరీ అంతకన్నా ఎక్కువ ఉంటే, అలా లెక్కించే పాత ప్రోగ్రాం దాన్ని మైనస్ అంకెగా చదువుకుంటుంది. సున్నా కన్నా తక్కువ ఉందనుకుని 'చాలదు' అంటుంది. హార్డ్‌డిస్క్‌లో బోలెడంత ఖాళీ ఉన్నా స్థలం లేదని ఇన్‌స్టాలేషన్ ఆగిపోవడానికీ ఒక్కోసారి ఇదే కారణం.

వేగంతోనూ ఇలాంటి పేచీయే. టర్బో పాస్కల్‌లో రాసిన చాలా ప్రోగ్రాంలు తెరవగానే 'రన్‌టైమ్ ఎర్రర్ 200' అని ఆగిపోతాయి. ప్రాసెసర్ వేగాన్ని కొలవడానికి అవి మొదట్లో ఒక భాగహారం చేస్తాయి. కొత్త ప్రాసెసర్ల వేగానికి ఆ జవాబు వాటికున్న గడిలో పట్టదు.

అసలు నడవదంటే...

మీ విండోస్ 64 బిట్‌దైతే పాత 16 బిట్ ప్రోగ్రాంలు అందులో నడవవు. విండోస్ 11 అంతా 64 బిట్టే. విండోస్ 10లో 32 బిట్ రకం కూడా ఉండేది కానీ, విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీది ఏ రకమో తెలియాలంటే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ చూడండి.

డాస్ ప్రోగ్రాంలకు మందు డాస్‌బాక్స్. ఉచితంగా దొరికే ఈ సాఫ్ట్‌వేర్ మీ కంప్యూటర్‌లోనే ఒక పాతకాలపు కంప్యూటర్‌ను సృష్టిస్తుంది. ప్రోగ్రాం కాపీని డి డ్రైవ్‌లో 'ఓల్డ్' అనే ఫోల్డర్‌లో పెట్టారనుకుందాం. డాస్‌బాక్స్ తెరిచి ఇంగ్లిష్ అక్షరాల్లో 'మౌంట్ సి డి:\ఓల్డ్' అని కొట్టి ఎంటర్ నొక్కండి. తర్వాత 'సి:' అని కొట్టి, ఆపైన ప్రోగ్రాం పేరు కొడితే సరి. వేగం ఎక్కువైతే కంట్రోల్, ఎఫ్11 కలిపి నొక్కండి. ఎఫ్12తో పెరుగుతుంది. పైన చెప్పిన ఎర్రర్ 200 కూడా వేగం తగ్గిస్తే చాలాసార్లు పోతుంది. తెర నిండా కనిపించడానికి ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కాలి.

ఒక్క హెచ్చరిక. డాస్‌బాక్స్‌ను తయారుచేసింది ప్రధానంగా ఆటల కోసం. రోజువారీ లెక్కలకు దాన్నే నమ్ముకోవద్దు. పాతవి తెరిచి చూసుకోవడం వరకే వాడుకోండి.

రంగులు చెదిరితే

1990ల చివరి విండోస్ ఆటల్లో చాలావాటికి తెలిసింది 256 రంగులే. కొత్త విండోస్‌లో గడ్డి ఊదాగా, నీళ్లు ఎర్రగా కనిపిస్తే కంప్యూటర్ చెడిపోయిందని బెంగపడకండి. ఆట గుర్తు మీద రైట్‌క్లిక్ చేసి ప్రాపర్టీస్, కంపాటిబిలిటీలోకి వెళ్లండి. 256 రంగులకు తగ్గించే గడిలోనూ, 640, 480 అని ఉన్న గడిలోనూ టిక్ పెట్టి చూడండి.

అక్షరాలు చీమల్లా కనిపించడం మరో ఫిర్యాదు. కొత్త తెరల్లో చుక్కలు మరీ దగ్గరగా ఉంటాయి. పాత ప్రోగ్రాం మాత్రం చుక్కలు లెక్కపెట్టే గీస్తుంది. అందుకే అన్నీ చిన్నవైపోతాయి. విండోస్ 10, 11లలో అయితే అదే కంపాటిబిలిటీ పేజీలో హై డీపీఐ సెట్టింగ్స్ ఉంటాయి. అక్కడ స్కేలింగ్ బాధ్యతను 'సిస్టమ్'కు అప్పగిస్తే అక్షరాలు పెరుగుతాయి. కాస్త మసకగా ఉన్నా చదువుకోవచ్చు.

తెలుగు బదులు పిచ్చి ఇంగ్లిష్

పేజ్‌మేకర్ ఫైలు తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు వస్తున్నాయా? ఫైలు బాగానే ఉంది, లేనిది ఫాంటు. పాత తెలుగు ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో మన అక్షరాల బొమ్మలు పెట్టుకునేవి. అదే ఫాంటును మళ్లీ ఎక్కిస్తే తెలుగు తిరిగొస్తుంది. అక్షరాలను పోగొట్టుకోకూడదంటే, వాటిని యూనికోడ్‌లోకి మార్చి దాచుకోవడమే శాశ్వతమైన దారి. మార్చాక పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చదవండి. ఒత్తులు, గుణింతాలు తారుమారయ్యేది అక్కడే.

అసలు ఆస్తి డేటా

ప్రోగ్రాం పోయినా డేటా పోనక్కర్లేదు. ఫాక్స్‌ప్రో లెక్కలు డీబీఎఫ్ అనే ఫైళ్లలో ఉంటాయి. వాటిని ఎక్సెల్‌లో గానీ, ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ క్యాల్క్‌లో గానీ నేరుగా తెరవవచ్చు. అదే పేరుతో ఎఫ్‌పీటీ ఫైలు కూడా ఉంటే దాన్నీ వెంట తీసుకెళ్లండి. పొడవాటి వివరాలు దాచుకునేది అందులోనే. తెరవగానే కొత్త పేరుతో భద్రపరచుకుంటే పాత ఫైలు చెక్కుచెదరదు.

ఎరువుల దుకాణం ఆయనకు చేసిందీ ఇంతే. ముందు డాస్‌బాక్స్‌లో పాత నీలం తెర కనిపించగానే ఆయన ముఖం వెలిగింది. తర్వాత డీబీఎఫ్ ఫైళ్లను క్యాల్క్‌లోకి తెచ్చి, రెండింటిలోనూ మొత్తాలు సరిపోయాయని చూసుకుని, ఊరి వారీగా ప్రింటు తీసిచ్చాం. ఆయన కళ్లజోడు సవరించుకుని కాగితాలు తిప్పుతూ ఒక పేరు దగ్గర ఆగిపోయారు. ఆ రైతు అడ్వాన్సుగా ఇచ్చిన 1,400 రూపాయలు ఈయన దగ్గరే ఉండిపోయాయట.

'రావలసింది పోతుందనే భయపడ్డానండీ. ఇవ్వాల్సిందీ ఇందులోనే ఉందని మరిచిపోయాను' అన్నారు.

మీ ఇంట్లోనూ అటకమీద పాత సీపీయూ ఒకటి ఉండే ఉంటుంది. తూకానికి వేసే ముందు ఈ ఆదివారం అందులో ఏముందో ఒక్కసారి చూడండి.