సరుకు పెరిగింది... పాలసీలో అంకె మారలేదు

రంజాన్ దగ్గర పడిందంటే పాతబస్తీలో మదీనా, పత్తర్‌గట్టి, లాడ్ బజార్ దుకాణాల్లో కాలు పెట్టే చోటుండదు. మామూలు రోజులకంటే ఎన్నో రెట్లు సరుకు దిగుతుంది. అందులో అప్పు మీద తెచ్చింది కూడా ఉంటుంది. కానీ చాలా దుకాణాల బీమా పాలసీలో మొత్తం మాత్రం పాతదే. అసలు చిక్కు ఇక్కడే వస్తోంది.

ఒక లెక్క చూద్దాం. పాలసీ 10 లక్షలకు ఉంది. మంటలు లేచిన రోజు దుకాణంలో 20 లక్షల సరుకు ఉంది. కాలిపోయింది 6 లక్షలది. పాలసీ 10 లక్షలకు ఉంది కదా, 6 లక్షలూ వస్తాయని యజమాని అనుకుంటాడు. వచ్చేది 3 లక్షలే. సరుకులో సగానికే బీమా ఉంది కాబట్టి నష్టంలోనూ సగమే ఇస్తారు. మిగతా కోతలు వేరే.

5 కోట్ల లోపు ఆస్తి ఉన్న చిన్న వ్యాపారాల కోసం 2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' పాలసీ అమల్లో ఉంది. ఇందులో బీమా 15 శాతం వరకు తక్కువున్నా కోత పెట్టరు. అయితే సీజన్ సరుకు ముందు ఈ 15 శాతం ఏపాటి?

బ్యాంకు లోన్‌తో వచ్చిన పాలసీనీ ఓసారి తెరిచి చూడాలి. లోన్ ఎంతో అంతకే బీమా రాసి ఉంటే, మిగతా సరుకుకు రక్షణ లేనట్టే.

మరి ఇవన్నీ చూడాల్సిందెవరు? బ్రోకర్ సంస్థలో ఉండే అకౌంట్ మేనేజర్ పని అదే. ఏజెంట్ కంపెనీ మనిషి, బ్రోకర్ చట్టప్రకారం కస్టమర్ తరఫు మనిషి. సీజన్‌కు ముందే ఫోన్ చేసి 'సరుకు ఎంత పెరిగింది, కొత్త గోదాం తీసుకున్నారా' అని అడగాలి. కానీ వీళ్ల ఆదాయం ప్రీమియంలో వాటా. ప్రీమియం కొన్ని వేలే ఉన్న దుకాణానికి ఆ ఫోన్ రావడం కష్టం.

కాబట్టి ఫోన్ దుకాణదారే చేయాలి. గోదాం వేరే చోట ఉంటే ఆ చిరునామా కూడా పాలసీలో రాయించాలి. 'నోటిమాటగా చెప్పాం కదా' అంటే కుదరదు. 1938 బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందే అందితేనే రక్షణ మొదలవుతుంది. పెంచిన మొత్తానికి డబ్బు కట్టి, కాగితం చేతికి తీసుకున్నాకే సరుకు దింపుకోవడం మేలు.

క్లెయిమ్‌లో అన్యాయం జరిగిందనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా హైదరాబాద్‌లోనే బీమా అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. అయితే పాలసీలో తక్కువ రాయించుకున్న అంకెను అక్కడ కూడా పెంచరు.